గుండ్లకమ్మ రేవులో

మొన్న యౌవనస్థులతో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాము. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు కొద్దిమంది విశ్వాసులతో మోకరించిన చోటు అది. తర్వాత గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వెళ్ళాము. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది అక్కడ బాప్తిస్మము పొందారు. ఇచ్చింది క్లౌ దొరగారనే మన పిల్లలు అనుకుంటారు. కాదు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

అంతకుముందు కరువులో దొరగారు బకింగ్‌హాం కాలువ పని కొంత గుత్తకు తీసుకొని జనానికి కూలి కల్పించారు. కూలికోసమే వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. బియ్యం పంచిన వారమే మేము బాప్తిస్మానికి పేర్లు రాసుకున్నాము! ఆ జాబితా పక్కనపెట్టి, ఇప్పుడు ఒక్కొక్క ఇంటికీ మళ్ళీ వెళ్తున్నాము.