‘లాస్ట్ ఇన్ స్పేస్’లో మొక్కల తిరుగుబాటు: ప్రహసనం వెనుక ప్రశ్న

అమెరికాలోని సీబీఎస్‌లో 1965 సెప్టెంబరు 15న మొదలైన ‘లాస్ట్ ఇన్ స్పేస్’ తొలుత అంతరిక్షంలో దారితప్పిన రాబిన్సన్ కుటుంబపు గంభీర సాహసగాథ. డాక్టర్ స్మిత్ చేష్టలకు ప్రాధాన్యం పెరిగేకొద్దీ అది ప్రహసనం వైపు జరిగింది. అందుకు పరాకాష్ఠగా 1968 ఫిబ్రవరి 28న ప్రసారమైన ‘ది గ్రేట్ వెజిటబుల్ రెబెలియన్’ను పేర్కొంటారు.

పీటర్ ప్యాకర్ రచించిన ఈ భాగంలో స్టాన్లీ ఆడమ్స్ నిలువెత్తు క్యారెట్ వేషంలో టైబోగా కనిపిస్తాడు. మొక్కలే ఏలే ఆ గ్రహంపై పూలు కోసిన స్మిత్ సెలరీ మొక్కగా మారిపోతాడు! చిత్రీకరణలో గై విలియమ్స్, జూన్ లాక్‌హార్ట్ నవ్వు ఆపుకోలేకపోయారు.

అయితే వేషాన్ని పక్కనపెట్టి చూస్తే టైబో ప్రతినాయకుడి కన్నా ఫిర్యాదిగానే తోస్తాడు. మొక్కకూ బాధ ఉంటుందన్నది అతని వాదం. ఆ మాటను క్యారెట్ చేత పలికించడం వల్లనే అది నవ్వులో కలిసిపోయింది.