కొలతతో పెరిగిన స్ఫటికం

గామా కిరణాలను పట్టే జెర్మేనియం స్ఫటికాల చరిత్రను శుద్ధి పద్ధతుల చరిత్రగా చెప్పడం వాడుక. నా దృష్టిలో అది ముందు కొలత చరిత్ర. ఎంత మలినం మిగిలిందో తెలియకుండా శుద్ధి చేయడం చీకట్లో ఇల్లు ఊడ్వడమే. 1886లో ఫ్రైబర్గ్‌లో క్లెమెన్స్ వింక్లర్ ఒక వెండి ఖనిజంలో కనిపెట్టిన ఈ మూలకానికి 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక దశ తిరిగింది. కరిగిన పదార్థానికి విత్తన స్ఫటికాన్ని తాకించి మెల్లగా పైకి లాగే చొక్రాల్‌స్కీ పద్ధతిని గోర్డన్ టీల్, జాన్ లిటిల్ అక్కడే జెర్మేనియానికి పట్టించారు. కడ్డీలో సన్నని కరుగు పట్టీని ఒక కొస నుంచి మరో కొసకు నడిపిస్తే చాలా మలినాలు ఆ కరుగుతోపాటే కొట్టుకుపోతాయని, ఆ కొసను కోసి పారేయవచ్చని విలియం ఫాన్ చూపాడు.

1950లనాటికే ఇవన్నీ చేతికొచ్చాయి కదా, తర్వాత చేసింది ఇంకాస్త శుద్ధి మాత్రమే కదా అనవచ్చు. అంకెలు ఆ మాటను ఒప్పుకోవు. గది వేడిలో జెర్మేనియం సొంత ఎలక్ట్రాన్లే ఘన సెంటీమీటరుకు ఇరవై లక్షల కోట్లకు పైగా తిరుగుతుంటాయి. అంతకన్నా తక్కువ మలినం వాటి చాటున దాక్కుంటుంది. ట్రాన్సిస్టర్‌కు ఆ స్థాయి చాలు. చొచ్చుకుపోయే గామా కిరణాన్ని పట్టాలంటే మాత్రం సెంటీమీటర్ల మందాన విద్యుత్ క్షేత్రం నిలవాలి. అందుకు మలినం వెయ్యి కోట్ల దగ్గరికి, అంటే సుమారు నాలుగు లక్షల కోట్ల పరమాణువులకు ఒకటిగా తగ్గాలి. అది కనబడాలంటే నమూనాను ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి కొలవాల్సిందే.

ఈలోగా మరో దారి దొరికింది. ఎరిక్ పెల్ 1960లో చూపిన పద్ధతిలో లిథియంను స్ఫటికంలోకి నడిపించి మలినాల ప్రభావాన్ని సరితూచారు. ఆ డిటెక్టర్లు ఆ దశాబ్దపు అణుభౌతికానికి ఎంతో చేశాయి. వాటిని తక్కువ చేయలేం. కానీ మలినం లోపలే ఉంది. గది వేడికి వస్తే లిథియం చెదిరిపోతుంది, కాబట్టి వాడినా వాడకపోయినా చల్లగానే ఉంచాలి. మలినాన్నే తీసేద్దామన్న పట్టుదలతో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ హాల్, ఆపై బర్కిలీలో విలియం హాన్సన్, యూజీన్ హాలర్ 1970లలో అతిశుద్ధ స్ఫటికాలు పెంచారు. వీటినీ పని చేయించేటప్పుడు చల్లబరచాలి. మిగతా వేళల్లో వెచ్చబడినా చెడవు.

శుద్ధే సర్వస్వమైతే కథ ఇక్కడితో ముగియాలి. క్వార్ట్జ్ మూసలో, హైడ్రోజన్ వాతావరణంలో, 938 డిగ్రీల దగ్గర కరిగించి లాగిన స్ఫటికాల్లో అమరిక లోపమే లేనివి డిటెక్టర్లుగా పనికిరాలేదు! గడ్డకట్టేటప్పుడు మిగిలిన పరమాణు ఖాళీలు హైడ్రోజన్‌తో జతకట్టి విద్యుదావేశాన్ని మధ్యలోనే పట్టేస్తున్నాయి. అమరికలో కొన్ని బెసుకులుంటే ఆ ఖాళీలు వాటిలో కలిసిపోతాయి. అందుకే చదరపు సెంటీమీటరుకు వందల నుంచి కొన్ని వేల దాకా బెసుకులు కావాలనే ఉంచుతారు. ఏ లోపాన్ని తీయాలో, దేన్ని ఉంచాలో చెప్పింది కొలతే. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద జెర్మేనియం-76 పాలు పెంచిన స్ఫటికాలతో గెర్డా ప్రయోగం న్యూట్రినో రహిత ద్వి-బీటా క్షయం కోసం వెదకగలిగిందీ ఈ తెలివిడి వల్లనే. నేటికీ స్ఫటికాన్ని లాగాక పలుచని ముక్కలు కోసి, చల్లబరిచి కొలిచాకే ఏ భాగం డిటెక్టర్‌కు వెళ్ళాలో, ఏది మళ్ళీ కొలిమికి పోవాలో తేలుస్తారు.