ఎత్తేది ఒకటి, మోసేది మరొకటి

ప్రత్యేక సంచికకు మన వృత్తికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ఆర్టీసీ గ్యారేజీలో పానా పట్టి సర్వీసు గడిపినవాణ్ణి. రాజుల చరిత్ర రాయలేను గాని, జాకీ చరిత్ర రాయగలను. ఈ మధ్య మన సభ్యులు ఒకరిద్దరి ఇళ్లలో పిల్లలు కారు షెడ్డులోనే హైడ్రాలిక్ లిఫ్టు పెట్టుకున్నారు. అందుచేత ఈ విషయం కుటుంబ సభ్యులకు కూడా ఉపయోగపడుతుందని తలచాను.

మోటారు బండ్లు రాకముందు మన పల్లెల్లో ఎద్దుల బండే వాహనం. ఇరుసుకు కందెన వేయాలంటే ఇద్దరు మనుషులు బండిని భుజాలతో ఎత్తేవారు. మూడోవాడు కింద దిమ్మె పెట్టేవాడు. బరువు దిమ్మె మీదికి దిగిన తర్వాతే చక్రం లాగేవారు. ఎత్తింది మనిషి భుజం, మోసింది దిమ్మె. ఈ తేడా మన రైతుకు ఒకరు నేర్పనక్కరలేదు.

ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పాడు. ఆ సూత్రంతో 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. 1851లో అమెరికాలో రిచర్డ్ డడ్జన్ హైడ్రాలిక్ జాకీకి పేటెంటు తీసుకున్నాడు. 1925 ప్రాంతంలో అదే దేశంలో మెంఫిస్ పట్టణపు పీటర్ లునాటి కారును మొత్తంగా పైకెత్తే లిఫ్టు తయారుచేశాడు. క్షౌరశాలలో కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు.

లెక్క సులభం. పంపు పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, ఎత్తే పిస్టన్‌ది 80 అనుకోండి. 50 కిలోల బలం 2,000 కిలోలను లేపుతుంది. కాని బరువు 1 సెంటీమీటరు లేవాలంటే పంపు పిస్టన్ 40 సెంటీమీటర్లు కదలాలి. దేవుడు ఉచితంగా ఏదీ ఇవ్వలేదు.

నిజాం రాష్ట్ర రైల్వేలో 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. దాని వారసత్వంతోనే 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. మన గ్యారేజీల్లో పని ఎక్కువగా పిట్టులోనే జరిగేది. బస్సును ఎత్తే బదులు మనిషే గుంతలోకి దిగేవాడు. బరువును నేలే మోసేది. చక్రం విప్పేటప్పుడు మాత్రం జాకీతో లేపి, స్టాండు పెట్టి, జాకీ దించేవాళ్లం.

అలా ఎందుకు చేయాలో ఒకసారి కళ్లారా చూశాను. హైవే పక్కన ఒక ప్రైవేటు షెడ్డులో ఒక కుర్రవాడు జాకీ మీద ఉన్న జీపు కింద పడుకొని పనిచేస్తున్నాడు. లోపల సీలు పోయి, ఆయిలు కారి, జీపు కిందికి దిగింది. విప్పిన చక్రాన్ని చాసిస్ కింద పడుకోబెట్టి ఉండడం వల్ల బతికాడు. ఆ చక్రం అక్కడ పెట్టించిన ముసలి మేస్త్రీకి ఆ తల్లి దండం పెట్టింది.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడక, వేరుశనగ ఎండి, జనం వలసపోయిన నేల మనది. అదే నేలలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2022 నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు పెన్షనర్ల ఇళ్ల ముందు కూడా కార్లున్నాయి. ఇంటి లిఫ్టు రావడం వింత కాదు.

ఈ లిఫ్టులో రెండు పొడవాటి ఇనుప చట్రాలు, మోటారు పంపు, ఆయిలు గొట్టాలు ఉంటాయి. ముందు నేల చూడండి. మన ఇళ్లలో పరిచే తాడిపత్రి బండల కింద బోలు ఉంటే బరువుకు పగులుతాయి. గట్టి కాంక్రీటు, సమమైన నేల కావాలి. కారు బరువుకు మించిన సామర్థ్యం ఉండాలి. కంపెనీ చూపిన జాకీ పాయింట్ల కిందే రబ్బరు దిమ్మెలు పెట్టాలి. మొదట కారు లేకుండా చట్రాలను పైకీ కిందికీ నడిపి, గొట్టాల్లో గాలి తీయాలి. మన ఎర్రదుమ్ము పిస్టన్ కడ్డీకి అంటితే సీళ్లు అరుగుతాయి కనుక వాడిన ప్రతిసారీ తుడవాలి.

అన్నిటికంటే ముఖ్యం లాకు. కారు లేచాక రెండు వైపులా లాకు పడిందో లేదో చూసి, బరువును ఆ ఇనుము మీదికి దించాలి. కారును చేత్తో ఊపి చూడాలి. ఆ తర్వాతే కిందికి వెళ్లాలి. మధ్యలో కరెంటు పోయి లాకు పడకుండా ఆగితే, వంగి చూడడానికి కూడా తల పెట్టరాదు.

మన పిల్లలు చదువుకున్నవారే. అయినా లిఫ్టు పెట్టిన ఇళ్లలో పెద్దలు మొదటి రోజు పక్కన నిలబడి లాకు చూపించమని అడగవలసిందిగా మనవి. ఎవరికైనా సందేహముంటే నెలవారీ సమావేశంలో అడగండి, తెలిసినంత చెబుతాను.