కేతిగాడి గొంతు, సురభి పేరు

పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే గండి క్షేత్రం ఉన్న కడప జిల్లా చక్రాయపేట మండలంలోనే సురభి గ్రామమూ ఉంది. 1885లో వనారస గోవిందరావు కుటుంబం ఆ ఊళ్ళో ‘కీచకవధ’ నాటకం ఆడడంతో సురభి నాటక సంప్రదాయం మొదలైంది. ఆ కుటుంబీకులు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడినవారు కనుక, అక్కడి హాస్యనటుడి పూర్వచరిత్రను రంగస్థలం మీద కాక తెర వెనుకే వెతకాలి.

తోలుబొమ్మలాటలో పలుచగా గీకి రంగులద్దిన తోలుబొమ్మను దీపానికీ తెల్లని తెరకూ నడుమ నిలిపి, నడిమి బద్దను ఒక చేత పట్టి, చేతులకు కట్టిన పుల్లలను రెండో చేత కదిలిస్తూ, ఆ బొమ్మ పాటనూ మాటనూ ఆటగాడే పలుకుతాడు. రామాయణ, భారత కథలు రాత్రి పొడుగునా సాగేటప్పుడు మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపాత్రలు తెరమీదికి వచ్చి, మోటు సరసాలతో, ఎత్తిపొడుపులతో నిద్రమత్తును వదలగొడతారు. కథలోని రాజులకు లేని చనువు కేతిగాడికి ఉంటుంది. అయితే ప్రేక్షకులకు తెలిసేది బొమ్మ పేరే తప్ప, దానికి గొంతునిచ్చినవాడి పేరు కాదు.

జర్మన్ రంగస్థలంలో దీనికి భిన్నమైన స్థితి కనిపిస్తుంది. 18వ శతాబ్ది ఆరంభంలో వియన్నాలో స్ట్రానిట్‌స్కీ అనే నటుడు ‘హాన్స్‌వుర్స్ట్’ అనే మోటు విదూషక పాత్రతోనే పేరు పొందాడు. నాటకాన్ని సంస్కరించాలన్న పట్టుదలతో కారొలీన్ నాయ్‌బర్ బృందం 1737లో లైప్‌జిగ్‌లో విదూషకుణ్ణి వేదికమీదినుంచి బహిష్కరించినా, 1791లో మోజార్ట్ సంగీతం కూర్చిన ‘మాయావేణువు’ అనే గేయనాటకంలో, దాని రచయిత షికానేడర్ స్వయంగా పక్షులు పట్టే పాపగేనోగా పాడి నవ్వించాడు. పాత్రతోపాటు నటుడి పేరూ చరిత్రకెక్కింది.

సురభివారు తెర వెనుకనుంచి వేదికమీదికి రావడంతో గొంతుకు ముఖం తోడైంది, స్త్రీపాత్రలను ఆ కుటుంబాల స్త్రీలే ధరించారు, ఊరిపేరు నటుల ఇంటిపేరులా స్థిరపడింది. 1932లో విడుదలైన ‘భక్తప్రహ్లాద’ చిత్రంలో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి కమలాబాయిగానే ప్రసిద్ధి పొందింది. కేతిగాడిని ఆడించినవారి పేర్లు తెర వెనుకే ఉండిపోగా, వారి వారసులకు మాత్రం ఊరే పేరైంది.