ఆరు మీటర్ల చిన్నపేగు, నూరేళ్ల వెతుకులాట

చిన్నపేగు పొడవు సుమారు ఆరు మీటర్లు. నోటి నుంచి పంపే మామూలు ఎండోస్కోపు దాని మొదటి భాగంతోనే ఆగిపోతుంది. కింది నుంచి పంపే కొలనోస్కోపుకు చివరి కొస మాత్రమే అందుతుంది. మధ్యలో ఉన్నదంతా చూడాలంటే వైద్యులు వేరే దారులు వెతకాల్సి వచ్చింది.

శాస్త్రవేత్త రాంట్జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. వాటితో తీసిన ఫిల్ముల్లో పేగు గోడలు స్పష్టంగా కనిపించవు. అందుకే 1904లో జర్మన్ వైద్యుడు రీడర్ బిస్మత్ కలిపిన ఆహారం తినిపించి ఫిల్ములు తీశాడు. బిస్మత్ లవణం కొందరికి విషంగా మారడంతో 1910 నుంచి బేరియం సల్ఫేట్ ఆ స్థానంలోకి వచ్చింది. రోగి పరగడుపున వచ్చి, సుద్దలా నాలుకకు అంటుకునే ఆ తెల్లని ద్రవం తాగుతాడు. అది కుడి పొత్తికడుపులో చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటికి చేరేదాకా వరుసగా ఫిల్ములు తీస్తారు. ఇందుకు గంటలు పట్టవచ్చు.

కర్నూలుకు పశ్చిమాన ఉన్న మన ప్రాంతానికి కీలకమైన చోటు ఆ కలయికే. పేగు టీబీ ఎక్కువగా పట్టేది అక్కడే. జబ్బుపడిన భాగంలో బేరియం నిలవకుండా జారిపోతుందని స్టియర్లిన్ అనే వైద్యుడు 1911లోనే గుర్తించాడు. 1932లో న్యూయార్క్‌లో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ వర్ణించిన మరో జబ్బు, క్రోన్స్, కూడా అక్కడే పేగును ఇరుకు చేస్తుంది. ఫిల్ములో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, చికిత్సలు మాత్రం వేరు. క్రోన్స్‌కు వాడే స్టెరాయిడ్లు టీబీని ముదరబెట్టగలవు. కనుక బొమ్మ జబ్బున్న చోటు చూపిస్తుందే గాని, తీర్పు చెప్పాల్సింది చాలాసార్లు ముక్క పరీక్షే (బయాప్సీ).

ఇలాంటి పరీక్షలకు కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు జనానికి పెద్దాసుపత్రి అంటే కర్నూలే. అక్కడి వైద్య కళాశాల 1957లో మొదలైంది. అందులో ఎంబీబీఎస్ చదివిన డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఈ పశ్చిమ మండలాల రోగులు నడిచే ఆసుపత్రి వరండాల్లోనే ఆయన వైద్యం నేర్చుకున్నారంటే నాకు గర్వంగా ఉంటుంది.

2001లో అమెరికా అనుమతి పొందిన కెమెరా మాత్ర ఆ ఆరు మీటర్లనూ లోపలి నుంచి చూపించింది. ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్ ఆలోచన అది. పొడవు 26 మిల్లీమీటర్లు, సెకనుకు రెండు ఫొటోలు, ఎనిమిది గంటల ప్రయాణం. అయితే టీబీతో ఇరుకైన పేగులో మాత్ర ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. ముందు పేగుల సీటీ స్కాన్ (సీటీ ఎంటరోగ్రఫీ) చేసి దారి చూసుకోవడం అందుకే. ఖరీదైన పరీక్షే మొదటి పరీక్ష కావాలన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

వారాల తరబడి కడుపునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే నొప్పి మాత్రలతో కాలం గడపకండి. పాత ఫిల్ములు, రిపోర్టులు పారేయకుండా వెంట తీసుకెళ్లండి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.