కూపన్ల నుంచి క్రిప్టో గ్రూపుల దాకా: ఒక పాత మోసం చరిత్ర

విద్యార్థులారా! చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంధి పత్రాలే కాదు. మోసాలకు కూడా చరిత్ర ఉంది. "రోజుకు ఒక శాతం లాభం, మా గ్రూపులో చేరండి" అని మీ ఫోనుకు వచ్చే సందేశానికి నూరేళ్లకు పైబడిన వంశవృక్షం ఉంది. దాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పాంజీ అనే వ్యక్తి 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానని ప్రకటించాడు. ఒక దేశంలో కొన్న తపాలా కూపన్‌ను మరో దేశంలో స్టాంపులుగా మార్చుకునే వీలుండేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కరెన్సీల విలువలు తారుమారై, ఆ కూపన్ల ధరల్లో నిజంగానే తేడా వచ్చింది. జనం నమ్మారు. అయితే క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక పాత్రికేయుడు ఒక చిన్న లెక్క వేశాడు. పాంజీ సేకరించిన డబ్బుకు 16 కోట్ల కూపన్లు కావాలి. చెలామణిలో ఉన్నవి సుమారు 27 వేలు! అంటే లాభం కూపన్ల నుంచి రావడం లేదు. కొత్తవారి సొమ్మే పాతవారికి లాభంగా అందుతోంది. అదే ఏడాది ఆగస్టులో పథకం కూలిపోయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పాంజీ చెప్పిన దానిలో చిన్న నిజం ఉంది. అది సామాన్యులకు అర్థం కాని నిజం. ఇలాంటి మోసానికి అంతకన్నా మంచి ముసుగు లేదు.

2008లో సతోషి నకమోటో అనే పేరుతో బిట్‌కాయిన్ పత్రం వెలువడింది. 2009 జనవరిలో ఆ వ్యవస్థ మొదలైంది. బ్లాక్‌చెయిన్ నిజమైన సాంకేతిక పరిజ్ఞానమే. కానీ దాని పేరు విన్నవారు ఎక్కువ, తెలిసినవారు తక్కువ. పాంజీ వారసులకు ఇంతకన్నా ఏం కావాలి? 2014లో మొదలైన వన్‌కాయిన్‌కు అసలు నిజమైన బ్లాక్‌చెయినే లేదు. 2016లో వచ్చిన బిట్‌కనెక్ట్, తమ కంప్యూటర్ ప్రోగ్రామే లాభాలు తెస్తుందని చెప్పి, 2018 జనవరిలో ఆ పథకాన్ని మూసివేసింది. మోసం విలువ 240 కోట్ల డాలర్లని అమెరికా న్యాయశాఖ పేర్కొంది. మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామంది. ప్రధాన నిందితుడు 2018లో అరెస్టయ్యాడు.

ఆ రోజుల్లో మోసగాడికి హోటల్ హాలు, వేదిక, చప్పట్లు కొట్టే మనుషులు కావలసి వచ్చేది. ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులే ఆ హాలు. అడగకుండానే మిమ్మల్ని అందులో చేరుస్తారు. "ప్రొఫెసర్" ఒకరు పాఠాలు చెబుతారు. "సర్, ఈ రోజు ఎనిమిది వేలు వచ్చాయి" అంటూ పదిమంది స్క్రీన్‌షాట్లు పెడతారు. ఆ పదిమందీ వారి మనుషులే కావచ్చు. మీరు వెయ్యి రూపాయలు పెడితే పన్నెండు వందలు నిజంగానే తిరిగి ఇస్తారు. అది గాలానికి గుచ్చిన ఎర. తరువాత వారి యాప్‌లో లక్షలు కనిపిస్తాయి. అవి తెరపై వారు రాసుకున్న అంకెలు మాత్రమే. సొమ్ము తీయబోతే "ముందు పన్ను కట్టండి" అంటారు. కట్టాక గ్రూపే మాయమవుతుంది. క్రిప్టో బదిలీని బ్యాంకు లావాదేవీలా రద్దు చేసే అధికారి ఎవరూ ఉండరు.

ఒక లెక్క చూడండి. రోజుకు ఒక శాతం చక్రవడ్డీతో పదివేలు ఏడాదిలో సుమారు 3 లక్షల 78 వేలు అవుతుంది. ఏ వ్యాపారం ఇంతటి లాభాన్ని ఏటా అందరికీ పంచగలదు?

అవతల సందేశాలు పంపేవాడు కూడా బాధితుడే కావచ్చు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయవలసిన స్థితిలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో తెలిపింది. ఉద్యోగాల పేరిట యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు.

మరో ఉచ్చు ప్రత్యేకంగా విద్యార్థులకే. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అంటారు. ఇతరుల నుంచి దోచిన సొమ్ము ఆ ఖాతా గుండా వెళుతుంది. పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారుడి ఇంటికే.

మన దేశం 1978లోనే మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధించింది. 2019లో అనియంత్రిత డిపాజిట్ పథకాలపై మరో చట్టం చేసింది. కానీ చట్టం చేరేలోపు సొమ్ము సరిహద్దు దాటుతుంది. మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. గడిచే ప్రతి గంటా మోసగాడికే లాభం.

బారన్ అడిగిన ప్రశ్నను మీరూ అడగండి: ఈ లాభం ఎక్కడి నుంచి వస్తోంది? జవాబు దొరకకపోతే, అది మీలాంటి మరొకరి జేబులోంచి వస్తోందని అనుమానించండి. ఈ ప్రశ్నను ఈ రోజు ఇంటికి వెళ్లి మీ అమ్మానాన్నలకూ నేర్పండి.