ఆటలమ్మకి మందు వెయ్యొచ్చా?

మొన్న తాడేపల్లిగూడెం నుంచి అక్క ఫోన్. ఆరేళ్ళ మేనల్లుడికి ఆటలమ్మ పోసింది. ఎసైక్లోవిర్ వాడినా సరే, వాడకపోయినా సరే అన్నాడట డాక్టరు. కొల్లేరు పక్కన ఊళ్ళో ఉన్న అమ్మమ్మేమో "అమ్మోరికి మందేంటే, వేపాకులు పరిచి పడుకోబెట్టు" అంది. ఎవరి మాట వినాలో నెట్‌లో చూసి చెప్పమని నా మీదకి తోసేసింది అక్క. ఆఫీసులో బిల్డ్ నడుస్తుంటే చదివిందే ఇది.

అమ్మమ్మ కాలంలో అమ్మవారంటే ముందు మశూచి. దానికి మందు లేదు, పెద్దింట్లమ్మకి మొక్కుకోవడమే. మన దేశంలో మశూచి 1975తో ఆఖరు. ఆ భయం, మందు కూడదన్న పట్టింపు మాత్రం ఆటలమ్మకి మిగిలాయి. నిజానికి ఈ రెండు వైరస్‌లకీ చుట్టరికమే లేదు! లెగసీ కోడ్ అన్నమాట.

ఎసైక్లోవిర్ 1970ల్లో అమెరికాలో, బరోస్ వెల్‌కమ్ కంపెనీలో పుట్టింది. అదెలా పనిచేస్తుందో తేల్చింది గెర్ట్రూడ్ ఎలియన్ బృందం. ఆవిడకి 1988లో నోబెల్ వచ్చింది. వైరస్ తన డిఎన్ఏ కాపీ చేసుకునేటప్పుడు అసలు ఇటుక అనుకుని ఈ నకిలీ ఇటుకని పెట్టుకుంటుంది, కాపీ అక్కడితో ఆగిపోతుంది. తమాషా ఏంటంటే, ఈ మందుని ఆన్ చేసేది కూడా వైరస్ ఎంజైమే. అందుకే వైరస్ లేని కణాల జోలికి పెద్దగా పోదు.

1991లో అమెరికాలో 2 నుంచి 12 ఏళ్ళ ఆరోగ్యవంతులైన పిల్లలు 815 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పొక్కులు కనబడ్డ 24 గంటల్లోపు సగం మందికి మందు, సగం మందికి ఉత్త డమ్మీ. మందు వేసిన వాళ్ళకి పొక్కులు కొంచెం తక్కువ, జ్వరం ఒక రోజు ముందు తగ్గింది. అంతే! ఇంట్లో వాళ్ళకి అంటుకోవడం తగ్గలేదు, కాంప్లికేషన్లలో తేడా లేదు. 1992లో అక్కడ ఈ జబ్బుకి మందుగా అనుమతి ఇచ్చారు గానీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ రాయక్కర్లేదని 1993లో వాళ్ళ పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది.

అంటే అమ్మమ్మే గెలిచిందా? పిల్లాడి వరకు, అవును. కానీ ఆ ఇంట్లో పురుటికొచ్చిన అక్క ఆడపడుచు ఉంది, ఎనిమిదో నెల. ఆ అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదట. పెద్దవాళ్ళకి, గర్భిణులకి, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి ఇదే జబ్బు న్యుమోనియా దాకా పోవచ్చు. వాళ్ళకి మందు తప్పదు, అదీ మొదటి రోజే. మూడో రోజు స్నానం పోశాక చూద్దామంటే కుదరదు.

పిల్లాడికి ఆస్పిరిన్ మాత్రం వెయ్యొద్దని, ఏలూరులో ఆ అమ్మాయిని చూసే డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యమని అక్కకి చెప్పా. వేపాకులు తీసెయ్యాలా అనడిగింది. ఉంచమన్నా.